లోవరాణి మొదటి సర్వీసు

కాకినాడలో సత్యవేణి కూతురు లోవరాణి డిగ్రీ పాసైన మర్నాడు పొద్దున్నే ఎర్ర స్పోర్ట్స్ కారు అయింది. ఆ వీధిలో చదువైపోయిన ఆడపిల్లలు ఏదో ఒక యంత్రం కావడం మామూలే. ఎదురింటి మంగతాయారు కూతురు కిందటేడు వాషింగ్ మెషీన్ అయింది, అదీ సగం పని మనమే చేసుకోవాల్సిన రకం. స్పోర్ట్స్ కారు మాత్రం వార్డు మొత్తానికి ఇదే మొదటిది. సత్యవేణి గర్వంతో పొంగిపోయింది. ఆ వెంటనే గేటు ఇరుకని, గీతలు పడతాయని, వీధి కుక్కలు టైర్లు తడిపేస్తాయని గుండెదడ కూడా మొదలైంది.

రవాణా ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు మీద ‘కొత్త బండి’ అన్న మాట కొట్టేశాడు.

“ఇరవై ఒక్కేళ్ళు ఇంట్లో వాడారు కదండీ. ‘దాదాపు కొత్తది’ అని రాయాలి,” అన్నాడు. జనన ధ్రువపత్రం తీసుకుని నంబరు ప్లేటు ఇచ్చాడు. సత్యవేణి ఎనిమిదో తరగతి వరకే చదివింది గానీ, రసీదు మీద అక్షరం అక్షరం రెండుసార్లు చూసుకుంది.

సీటు మీద దొరికిన పుస్తకంలో పద్ధతులన్నీ ఉన్నాయి. మొదటి పదిహేను వందల కిలోమీటర్లు ఇంజన్‌ని అదుపులో ఉంచాలి. ఉన్నట్టుండి వేగం పెంచకూడదు, ఉన్నట్టుండి ఆగకూడదు. తర్వాత ఆయిల్ మార్పించి, అనవసర శబ్దాలేమైనా ఉంటే తీయించాలి. తీయించకపోతే గ్యారంటీ చెల్లదు. ఇవేవీ సత్యవేణికి కొత్తగా అనిపించలేదు. పిల్లకి పన్నెండేళ్ళు దాటిన దగ్గర్నుంచీ తను చెబుతున్నవే.

గుడి ముందు పూజ చేయించి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అవి చితకగానే లోవరాణికి చక్కిలిగింతలు పుట్టాయి. ఇంజన్‌లోంచి ఫక్కున నవ్వు వచ్చింది. పంతులుగారు ఉలిక్కిపడి హారతి పళ్ళెం వెనక్కి తీసుకున్నారు.

“నెమ్మదే తల్లీ, నలుగురూ చూస్తున్నారు,” అంది సత్యవేణి, బానెట్ నిమురుతూ.

రోజూ సాయంత్రం ఉప్పాడ బీచ్ రోడ్డు మీద తిప్పేవారు. లోవరాణి తనంతట తనే నడిచేది. పక్క సీట్లో సత్యవేణి గొడుగు ఒళ్ళో పెట్టుకుని, ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చునేది. ఔనంటే ఒక హారన్, కాదంటే రెండు. కెరటం రాళ్ళకి కొట్టుకుని అద్దం మీద చిమ్మినప్పుడల్లా ఆ నవ్వు వచ్చేది. వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూసి తామూ నవ్వేవారు. ఒకసారి సత్యవేణికీ నవ్వు రాబోయింది. నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. ఆయాసం కాబోలు, డాక్టరుకి చూపించుకోవాలి అనుకుంది.

పదిహేను వందలు పూర్తయ్యాయి. సర్వీసు సెంటర్‌లో చక్రధర్ అనే సూపర్‌వైజరు పాత ఆయిల్ గిన్నెలో పట్టి చూపించాడు. అందులో సన్నటి ఇనప రజను మెరుస్తోంది.

“ఏవండీ, ఇదేంటండీ? పిల్లకేమైనా అయిందా?”

“ఏం కాలేదండీ. లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడేటప్పుడు అరుగుతాయి. రజను బాగా వచ్చింది. పెంపకం మంచిది.”

సత్యవేణి పైట సర్దుకుని, పక్కన తమ స్కూటర్లతో నిలబడ్డ తల్లుల వైపు ఓసారి చూసింది.

“శబ్దం ఒకటుంది కదా,” అన్నాడు చక్రధర్. “నవ్వు. గ్యారంటీలోనే తీసేస్తాం. ఉంచితే మాత్రం రేపు ఏ రోడ్డు మీద ఏం జరిగినా మాకు సంబంధం లేదు.”

ఆ ‘ఏం జరిగినా’ అన్న మాటకి సత్యవేణి కళ్ళముందు అన్ని రోడ్లూ, అన్ని లారీలూ, అన్ని మలుపులూ తిరిగాయి. ఆమె కిటికీ దగ్గరికి వంగింది.

“తీయించేద్దామా రాణీ? నీ మంచికేనమ్మా.”

లోవరాణి రెండుసార్లు హారన్ కొట్టింది. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు కొట్టింది.

“హారన్ బ్రహ్మాండంగా ఉంది,” అని చక్రధర్ కాగితం మీద టిక్కు పెట్టి పెన్ను అందించాడు. సత్యవేణి సంతకం చేసింది. పేరులో చివరి అక్షరం గడి దాటింది. అది ఫరవాలేదన్నాడు.

పని నలభై నిమిషాల్లో అయిపోయింది. సత్యవేణి సంచిలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టింది. లోవరాణి వాటి మీదుగా వెళ్ళింది. నిమ్మకాయలు చితికిన చప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించింది.

వీధిలోకి రాగానే మంగతాయారు గుమ్మంలోకి వచ్చింది.

“మీ అమ్మాయి వచ్చినట్టే తెలియలేదు వదినా! ఎంత నెమ్మదో! మాది తిరుగుతుంటే ఇల్లంతా అదురుతుంది.”

“పెంపకం అన్నారు సర్వీసు సెంటర్‌లో,” అంది సత్యవేణి, అందరికీ వినపడేలా.

తీసేసిన పాత పార్టు ఏదైనా బండిగలవాళ్ళకే ఇచ్చేయడం సర్వీసు సెంటర్ల పద్ధతి. చక్రధర్ ఇచ్చిన ప్లాస్టిక్ కవరుని సత్యవేణి బీరువాలో పట్టుచీరల వెనక దాచబోయింది. అక్కడ రంగు వెలిసిన కాగితం పొట్లం ఒకటి ఉంది. దాని మీద వాళ్ళమ్మ వంకర అక్షరాలతో ‘మా సత్యవేణిది’ అని రాసి ఉంది. పక్కనే కవరు పెట్టి తలుపు వేసింది.

లోపల రెండూ కాసేపు పడీపడీ నవ్వుకున్నాయి. సత్యవేణి బీరువాకి తాళం తిప్పి, మెత్తటి గుడ్డ తీసుకుని, అమ్మాయిని తుడవడానికి బయటికి వెళ్ళింది.