హలోగారి గోడకు పట్టీలు

నిన్న సాయంత్రం గోడకు బిగించిన ఉక్కు పట్టీలన్నీ తెల్లారేసరికి మాయమయ్యాయి! నోట్లో బ్రష్షుతో ఇంటి ముందుకొచ్చిన హలోగారు నురగంతా గుటుక్కున మింగేశారు.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరివాళ్ళ మాటలు కలిపి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయన ఫోన్ మోగితే అది రాంగ్ నంబరే. వాళ్ళనైనా యోగక్షేమాలు అడక్కుండా పెట్టెయ్యరు. అందుకే ఇంటి ముందు గోడకు ఎర్ర ఇటుకతో కొత్త ముఖం కట్టించడం మొదలయ్యాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. రోజంతా మేస్త్రీతో కబుర్లే. ఆ పని ఇవాళ్టితో ఆఖరు. ఆ సంగతి తలుచుకుంటూనే ఆయన రాత్రి సగం అన్నం వదిలేశారు.

మేస్త్రీ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "మళ్ళీనా! ఈ వారంలో ఇది రెండోసారి. పాత గోడకీ కొత్త ఇటుకకీ మధ్య సందుంది కదా బాబాయ్, ఆ రెంటినీ కలిపి పట్టుకునేవి ఈ పట్టీలే. అవి లేకుండా వరసలు లేపానంటే మొదటి గాలివానకే ముఖమంతా వీధిలో ఉంటుంది."

"అయితే ఇవాళ పని అవదా?"

గొంతులో బెంగ పలకాల్సిన చోట సంతోషం పలికింది. హలోగారు గబుక్కున దగ్గు తెచ్చుకున్నారు.

పక్కింటావిడ ప్రహరీ మీంచి తల పెట్టింది. "ఇనుము పోయిందా అన్నయ్యగారూ? ఇంకెవరు, ఆ పాత సామాన్లవాడే!"

వాడు అప్పుడే సందు మలుపు తిరిగాడు. ఆవిడ కేకకు వీధి వీధంతా బండిని చుట్టుముట్టి బోర్లించింది. పట్టీలు దొరకలేదు గానీ, ఆవిడ మొగుడి డంబెల్స్ దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా ఆ మొగుడి కాళ్ళ దగ్గరే ఆగాయి.

"ఇవి మీ తమ్ముడు పట్టుకెళ్ళాడన్నావు కదే?"

"ఏనాడైనా ఎత్తారా? వాటి దుమ్ము దులపలేక నా చేతులు పడిపోయాయి!"

దొంగ సంగతి గాలికిపోయి మొగుడూ పెళ్ళాల గొడవ రాజుకుంది. ఆ రభసలోనే కాంట్రాక్టరు దిగాడు. విషయం విని నేరుగా మేస్త్రీ మీద పడ్డాడు.

"అమ్ముకుంటోంది నువ్వేగా? సామాను సర్దుకో. వేరే మేస్త్రీ వస్తాడు. ఇక ఈ ఊళ్ళో నీకు పనెవడిస్తాడో నేనూ చూస్తాను."

మేస్త్రీ తాపీ కడగడం మొదలెట్టాడు. నీళ్ళ చప్పుడు వింటుంటే హలోగారికి లోపల ఖాళీ గదులన్నీ గుర్తొచ్చాయి.

"పీకింది నేను," అన్నారు.

"మీరా! ఎందుకండీ?"

"నా గోడ. నాకు నచ్చలేదు."

"ఎక్కడ పెట్టారు?"

"మర్చిపోయాను."

కాంట్రాక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, "కొత్తవి మీరే తెప్పించుకోండి," అని బండెక్కాడు. చూడ్డానికేమీ మిగలక వీధి కూడా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయింది. ఇద్దరే మిగిలారు.

"అంత అబద్ధం ఎందుకాడారు బాబాయ్?"

"అబద్ధమని నీకెలా తెలుసు?"

మేస్త్రీ తాపీ కింద పెట్టాడు.

"తీసింది నేను గనక. సాయంత్రం చీకట్లో మీరు గేటు తాళం కోసం లోపలికెళ్ళగానే విప్పేసేవాణ్ణి. దీని తర్వాత పని ఊరవతల గోడౌన్లో. అక్కడ పొద్దస్తమానం నేనూ, సిమెంటు బస్తాలూ. ఒక్కటీ పలకదు. తప్పే, ఒప్పుకుంటున్నాను. పట్టీలన్నీ నా సంచిలోనే ఉన్నాయి. ముందు గోడ ఇవాళ పూర్తి చేసేస్తాను బాబాయ్... కానీ మీ వెనక గోడ మరీ బోసిగా ఉంది, ఎప్పుడైనా చూశారా?"