ఇరవయ్యో నిమిషం తర్వాత

"ఏడాది తిరిగేసరికి ఈ ఊళ్ళో కుక్కలు తప్ప అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడాలి!" అని భాషా పాఠశాల ప్రిన్సిపాలు గారు టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. కుక్కలకు మినహాయింపు ఇచ్చింది దయతో కాదు. అవి పశుసంవర్ధక శాఖ కిందికి వస్తాయి. వాటి మొరుగుడు మార్చాలంటే రెండు శాఖల మధ్య ఫైలు నడవాలి!

మనుషులు మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉన్నారు. రొట్టెల కొట్టాయన, బస్సు డ్రైవరు, మంగలి, పోస్టాఫీసు పెద్దావిడ, అందరి పేర్లూ బడి రిజిస్టరులోకి ఎక్కేశాయి. ఇక కావలసింది ఒక్కటే. ఇంగ్లీషు వచ్చిన మనిషి. ఆ ఊరున్న పరాయి దేశానికి రైలు లేదు, ఓడ లేదు. అట్లాసులో అది ఉన్న చోట సరిగ్గా కాగితం మడత పడుతుంది. అలాంటి మడతలోకి ఇంగ్లండు నుంచి దొర ఎవడొస్తాడు? మన మాస్టారు వచ్చారు.

మాస్టారు ఇరవై రెండేళ్ళు ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు గ్రామరు చెప్పిన మనిషి. ఆ కాలేజీ మూతపడ్డాక, "మా తమ్ముడి జిరాక్సు షాపులో కూర్చోండి. మా తమ్ముడైతేనా, మిమ్మల్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటాడు" అంది భార్య. ఆ తమ్ముడు గారు బావను ఎగాదిగా చూసి, "దాందేముంది బావా, నీ ఇంగ్లీషుకి లామినేషన్ చేయించి గోడకి తగిలిద్దాం" అన్నాడు. మాస్టారు ఆ పూటే పేపర్లో కనబడిన మొదటి విదేశీ ఉద్యోగానికి దరఖాస్తు పడేశారు. దరఖాస్తు పెట్టింది ఆయనొక్కరే కావడం వల్ల తీవ్రమైన పోటీలో ప్రథములుగా నిలిచారు. "మా ఆయన ఫారిన్లో ప్రొఫెసరు" అని భార్య వీధి ఈ చివర చెప్పింది. ఆ చివరికి చేరేసరికి ఆయన వైస్ ఛాన్సలరు అయ్యారు.

కాంట్రాక్టులో షరతులు రెండే. మొదటిది, తరగతి నడిచే ముప్పావు గంటా ఉపాధ్యాయుడి గొంతు వినిపిస్తూనే ఉండాలి. దానికోసం ధ్వని రిజిస్టరు అని ఒకటుంది. గుమాస్తా తలుపు బయట స్టూలు వేసుకుని, గడియారం చూసుకుంటూ, నిమిషానికో గుర్తు పెడతాడు. గొంతు వినబడితే నిలువు గీత. ఆగితే సున్నా. నెలకు మూడు సున్నాలు దాటితే ఉద్యోగమే సున్నా! ఏం చెబుతున్నారన్న దానికి మాత్రం గడి లేదు. రిజిస్టరులో చోటు చాలలేదట.

రెండో షరతు, ఏడాది చివర రాజధాని నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు గారి పక్కన 'రెండో చెవి' ఒకటి ఉండాలి. అంటే, ఉపాధ్యాయుడి దేశం నుంచి వచ్చిన మరో మనిషి కూర్చుని, చెప్పింది ఇంగ్లీషేనని విని సంతకం పెట్టాలి. పెడితే మూడేళ్ళ పొడిగింపు. పెట్టకపోతే మర్నాటి బస్సు, ఆ వెనక విమానం, ఆ వెనక జిరాక్సు షాపు.

మొదటి రోజు మాస్టారు బోర్డు మీద 'ఆవు గడ్డి తినును' అని ఇంగ్లీషులో రాశారు. దాని కింద 'గడ్డి ఆవుచేత తినబడును' అని రాశారు. ఆవు వైపు నుంచి, గడ్డి వైపు నుంచి, భూత భవిష్యత్ వర్తమానాల వైపు నుంచి వివరించారు. చూస్తే ఇరవై నిమిషాలే అయింది! ఆవు కడుపు నిండింది, ఈయన సరుకు నిండుకుంది. పాపం, ఇరవై రెండేళ్ళూ ఆయన ఇంగ్లీషు గురించి మాట్లాడారే గానీ ఇంగ్లీషులో ఎవరితో మాట్లాడారు గనక? తలుపు బయట గుమాస్తా పెన్సిలు సున్నా చుట్టడానికి వంగింది. మాస్టారు గాభరాగా నోరు తెరిచారు. తెలుగు వచ్చేసింది.

"ఏం చెప్పమంటారర్రా నా బతుకు! కర్త నేనే, కర్మ నాదే, క్రియ మాత్రం మా బావమరిది చేశాడు..."

బయట నిలువు గీతలు పడ్డాయి. ఏకధాటిగా ఇరవై అయిదు!

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆవు గడ్డి తింటున్నంత సేపూ గోళ్ళు కొరుక్కునే శిష్యులు ఇరవయ్యో నిమిషం దాటగానే బెంచీల మీద ముందుకు జరిగేవారు. మాస్టారు బావమరిదిలా నడిచి చూపించేవారు, అత్తగారిలా గొంతు పెట్టేవారు, భార్యలా కళ్ళజోడు దాచేవారు. నాలుగు నెలలు గడిచాక ఒకనాడు రొట్టెల కొట్టాయన పొగలు కక్కే రొట్టె చేతిలో పెట్టి, చిరునవ్వుతో, "తీసుకుని తగలడు మాస్టారూ!" అన్నాడు.

మాస్టారికి కాళ్ళ కింద వీధి కదిలింది. ఆలస్యంగా వచ్చే వాళ్ళని ఆయన రోజూ "రా, తగలడు" అంటూ లోపలికి పిలిచేవారు. అది ఊరంతటికీ స్వాగతవచనం అయిపోయింది. సరైన జవాబు చెప్పిన వాణ్ణి "ఏడిశావులే" అనేవారు. అది ప్రశంస అయింది. గంట కొట్టాక బోర్డు తుడుస్తూ "మా తమ్ముడైతేనా..." అని భార్య గొంతుతో నిట్టూర్చేవారు. ఇప్పుడు ఊళ్ళో సెలవు తీసుకునే ప్రతివాడూ టోపీ ఎత్తి "మా తమ్ముడైతేనా" అంటున్నాడు! బోర్డు మీద ఉండేది రాసే ఇంగ్లీషనీ, ఇరవయ్యో నిమిషం తర్వాతది మాట్లాడే ఇంగ్లీషనీ ఊరు తీర్మానించేసుకుందని మాస్టారికి అప్పుడు అర్థమైంది.

వెంటనే నిజం చెప్పేద్దామనుకున్నారు. మర్నాడు ముప్పావు గంటా ఇంగ్లీషే చెప్పబోయారు కూడా. రెండు సున్నాలు పడేసరికి మళ్ళీ బావమరిది దగ్గరికే వచ్చిపడ్డారు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ దేశం వచ్చాక తన భాష చెవిన పడింది ఆ రొట్టెల కొట్టులోనే. రొట్టె తింటూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు. వేడికి అని చెప్పారనుకోండి!

సరిగ్గా ఇన్‌స్పెక్షన్ వారంలో భార్య ఉత్తరం రాసింది, చూడటానికి వస్తున్నానని. ప్రిన్సిపాలు గారు ఎగిరి గంతేశారు. "రెండో చెవి దొరికింది! అదీ మాస్టారి ఇంటి చెవే కావడం ఇంకా మంచిది!"

మాస్టారికి మాత్రం లెక్క వేరేలా తేలింది. ఏడాదిగా తమ్ముణ్ణి ఉతికి ఆరేసిన తరగతిలో ఆ తమ్ముడి అక్కని కూర్చోబెట్టి, చేతికి పెన్ను ఇవ్వాలి!

బస్సు ఆగేసరికి ఊరు ఊరంతా స్టాండులో ఉంది. రెండు సూట్‌కేసులతో ఆవిడ దిగీ దిగగానే మంగలి పూలగుత్తి అందించాడు. నలభై గొంతులు ఒక్కసారిగా లేచాయి.

"రా, తగలడు!"

ఆవిడ పూలగుత్తి పట్టుకుని కొయ్యబారిపోయింది. "ఏవండీ... వీళ్ళు తెలుగులో తిడుతున్నారేంటండీ?"

"ష్! మెల్లిగా. ఇక్కడి ఇంగ్లీషు అలాగే ఉంటుంది. గాలి మార్పు."

ఇంతలో బస్సు డ్రైవరు సూట్‌కేసు భుజాన పెట్టుకుని, ఎంతో మర్యాదగా తల వంచి అడిగాడు. "మీ తమ్ముడు ఇంకా ఆ షాపులో ఈగలే తోలుతున్నాడా అమ్మా?"

ఆవిడ మొగుడి వైపు తిరిగి చూసింది. ఆ చూపులో సబ్జెక్టూ మాస్టారే, ఆబ్జెక్టూ మాస్టారే.

గది చేరేదాకా మాట లేదు. చేరాక మాత్రం ఆగలేదు.

"మా తమ్ముడు ఈగలు తోలుతున్నాడా?"

"అది ఉదాహరణ. క్రియాపదం కోసం..."

"ఉదాహరణకి మీ అన్నయ్య దొరకలేదా? క్రియాపదానికి మీ చెల్లెలు పనికిరాలేదా? నేనేమో వీధిలో మా ఆయన ప్రొఫెసరు, మా ఆయన ప్రొఫెసరు అని డప్పు కొట్టుకుంటున్నా!"

"అందుకే చెబుతున్నా. రేపు ఒక్క సంతకం పెట్టు. నీ డప్పు పగలదు, నా ఉద్యోగం ఊడదు. లేకపోతే ఎల్లుండి బస్సుకి ఇద్దరం కలిసే వెళ్తాం. మూడో రోజు నేను మీవాడి పక్కన స్టేప్లరు పట్టుకుని కూర్చుంటా."

ఆవిడ లైటార్పి పడుకుంది. సూట్‌కేసు మాత్రం విప్పలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పొడుగు కోటు, ఇత్తడి గుండీలు. అరవై పాఠశాలల్లో ఇంగ్లీషుని చెవితోనే పరీక్షించి నెగ్గించిన దిట్ట. ఇంగ్లీషు వినగానే కళ్ళు మూసుకుని తల ఊపుతారు. అర్థమైనట్టు కనబడటానికి అంతకన్నా భద్రమైన పద్ధతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. రిపోర్టు బస్సులోనే రాసేసుకుని జేబులో పెట్టుకొచ్చారు.

ఇరవై నిమిషాలు ఆవు గడ్డి తిన్నది. ఇన్‌స్పెక్టరు గారు ఆవులించారు. తర్వాత, ఒక గొప్ప మనిషి గురించి మాట్లాడమని రొట్టెల కొట్టాయన్ని లేపారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మా బావమరిది అని ఒకడున్నాడు. పొద్దున్నే లేవడు. లేస్తే ఊరుకోడు. కాగితం ఒకటిస్తే రెండు చేస్తాడు. పని ఒకటిస్తే అర చేస్తాడు. వాళ్ళక్క మాత్రం, మా తమ్ముడైతేనా అంటుంది. ఏడిశావులే!"

తరగతి సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వింది. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళు మూసుకుని తల ఊపారు. "స్వచ్ఛం! నిర్దుష్టం!" గుమాస్తా పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ లేచి నిలబడి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"చూడండి. ఇది ఇంగ్లీషు కాదు. ఇది తెలుగు, మా ఇంట్లో భాష. మీరు నేర్చుకున్నది పాఠం కూడా కాదు, మా ఇంటి గోల! ఈయనకి గొంతు ఆగితే సున్నా పడుతుందని భయమేసి, నోటికొచ్చింది వాగారు. అది మీరు పట్టుకున్నారు. అంతే!"

ఒక్క అక్షరం పొల్లుపోకుండా తరగతి అంతటికీ అర్థమైంది. గుమాస్తా దాన్ని ఆ దేశభాషలోకి మార్చి ఇన్‌స్పెక్టరు గారికి చెప్పాడు. గదిలో కాసేపు నిశ్శబ్దం. రిజిస్టరులో అప్పుడు పడాల్సిన సున్నాని ఆ కంగారులో ఎవరూ వేయలేదు.

మంగలి మెల్లిగా లేచాడు. "అమ్మా, ఇప్పుడు మీరు మాట్లాడింది ఏ భాష?"

"తెలుగు."

"మాకు అర్థమైందే!"

"అవుతుంది నాయనా, మీకు తెలుగు వచ్చు గనక."

"మాకు వచ్చింది ఇంగ్లీషు కదమ్మా. ప్రిన్సిపాలు గారు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు!"

ప్రిన్సిపాలు గారు గోడ వైపు చూశారు. ఒకటో నంబరు సర్టిఫికెట్టు ఆయనదే, ఆయన చేతుల మీదుగా ఆయనకే ఇచ్చుకున్నది. ఇన్‌స్పెక్టరు గారు జేబు తడుముకున్నారు. ఇది ఇంగ్లీషు కాదంటే ఆ అరవై పాఠశాలల్లో విన్నవి ఏ భాషలో, ఎవరు చెప్పగలరు?

"ఇది సాంకేతికమైన విషయం," అన్నారాయన, ఆవిడ కోసం గుమాస్తా ద్వారా. "కనక చేతులెత్తి తేలుద్దాం. ఇది ఇంగ్లీషే అన్నవాళ్ళు?"

ప్రిన్సిపాలు గారు రెండు చేతులూ ఎత్తారు. డ్రైవరెత్తాడు, మంగలెత్తాడు, రొట్టెల కొట్టాయన పిండి చెయ్యే ఎత్తాడు. ఇన్‌స్పెక్టరు గారు నిష్పాక్షికంగా తన చెయ్యి తనే ఎత్తుకున్నారు. మొదటి బెంచీలో అల్లిక పట్టుకున్న పోస్టాఫీసు పెద్దావిడ మాత్రం, రెండు చేతులూ ఖాళీ లేక, ఒక సూది ఎత్తింది.

భార్య మొగుడినే చూస్తోంది. మాస్టారు ముందు చేతులు జేబుల్లో దాచుకున్నారు. ఒకటి బయటికొచ్చింది. చెవి గోక్కుంది. తల గోక్కుంది. చూస్తుండగానే గదిలో అన్ని చేతులకన్నా ఎత్తున ఉంది!

"ఏడిశారులే!" అంది ఆవిడ. తరగతి చప్పట్లతో మారుమోగింది.

ఇన్‌స్పెక్టరు గారు అక్కడికక్కడే రాశారు: "రెండో చెవికి స్వల్ప చెవుడు ఉన్నట్టు తేలినందున, సభవారి చెవినే రెండో చెవిగా పరిగణించడమైనది. ఉపాధ్యాయునికి మూడేళ్ళు పొడిగింపు. ఆయన భార్యకు ఇంగ్లీషు రాదని రుజువైనందున, ఆమెను ఇదే తరగతిలో చేర్చుకోవలసినది."

మర్నాడు ఆవిడ మొదటి బెంచీలో నోటుబుక్కు తెరిచి కూర్చుంది. బోర్డు మీద ఆవు మళ్ళీ మొదలెట్టింది. పళ్ళు నూరుకుంటున్న ఆవిడ చెవి దగ్గర, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో ఎవరో గుసగుసలాడారు. పోస్టాఫీసు పెద్దావిడ!

"ఓర్చుకో అమ్మాయీ. ఇంగ్లీషు ఇరవై నిమిషాలే."

ఆవిడ ఉలిక్కిపడింది. "మీకు తెలుసా?"

"ముప్పై ఏళ్ళుగా పరాయి దేశాల ఉత్తరాల మీద ముద్ర కొడుతున్నాను. ఇంగ్లీషేదో, నీ మొగుడి గోలేదో తెలీదూ? మొదటి నెల్లోనే అందరికీ చెప్పేశా. ఆ పొడుగు కోటాయనకి కూడా తెలుసేమో. తెలియనట్టుండటం ఆయన ఉద్యోగం."

"మరి అందరూ చేతులెందుకు ఎత్తారు?"

"సర్టిఫికెట్టున్న వాళ్ళు సర్టిఫికెట్టు కోసం. మిగిలిన వాళ్ళం మీ తమ్ముడి కోసం. కొత్త మాస్టారొస్తే ముప్పావు గంటా గడ్డే కదమ్మా!"

ఇరవయ్యో నిమిషం వచ్చింది. మాస్టారు నోరు తెరిచారు, భార్యని చూశారు, మూశారు. బావమరిది పేరెత్తితే ఇల్లు లేదు. ఎత్తకపోతే కొలువు లేదు. తలుపు బయట పెన్సిలు వంగడం వినబడింది. తరగతి అంతా ఆశగా ఆవిడ వైపు చూసింది.

ఆవిడ నోటుబుక్కు మూసింది. లేచింది. మొగుడి చేతిలో సుద్దముక్క లాక్కుంది.

"ఈయనకి పాత సంగతులే తెలుసు," అంది. "మా తమ్ముడు మొన్న ఏం చేశాడో చెబుతా, వినండి..."

బయట గుమాస్తా సున్నా చుట్టబోయిన పెన్సిలు ఎత్తి, గబగబా నిలువు గీతలు గీయడం మొదలుపెట్టాడు.