నల్లమద్దికి శాలువా

"అక్షరా, విహార్, ఈ గది తలుపు ఏ చెక్కతో చేశారో చెప్పండి చూద్దాం?" అని అడిగింది అమ్మమ్మ.

"టేకు!" ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"ముట్టుకోకుండానే తెలిసిపోయిందా? కాదర్రా, వేప. మంచి చెక్క అనగానే మన నోటికి ఒక్క పేరే వస్తుంది. ఈ జబ్బు మనుషులకే అనుకోకండి. వినండి."

ఒక పెద్ద అడవిలో ఒక వాగు, వాగు మధ్యలో చిన్న లంక. ఆ లంకలో ఒక కుందేలమ్మ, దానికి అప్పుడే పుట్టిన పిల్లలు. పూర్వం వాన మెల్లగా కురిసేది, వాగు మెల్లగా నిండేది, కుందేళ్లు తీరిగ్గా ఒడ్డెక్కేవి. ఇప్పుడు కాలం మారింది. ఎండలు ఎంతకీ పోవు. వాన వచ్చిందంటే నెలంతా కురవాల్సింది ఒక్క పూటలో కుమ్మరిస్తుంది. కిందటేడు అలాగే కురిస్తే, వాగు పొంగి ఉన్న ఒక్క టేకు వంతెననీ ఎత్తుకుపోయింది.

ఎండలకి వాగు తగ్గి ఉండగానే కుందేలమ్మ దాన్ని దాటి అడవి సభకు వెళ్లింది. సభాధ్యక్షుడు ఎలుగుబంటి. పెద్ద ఒళ్లు, చిన్న ఓపిక.

"అయ్యా, వానలు రాకముందే వంతెన వేయించండి. నా పిల్లలకి ఈత రాదు."

"వేయిస్తామమ్మా. టేకు పెరగనీ."

"టేకు మొక్కలు ఎండకి మాడిపోతున్నాయి కదయ్యా! గట్టున నల్లమద్ది మానులు బోలెడున్నాయి. ఇంత ఎండలోనూ నిక్షేపంగా నిలబడ్డాయి. వాటితో వేయకూడదా?"

సభంతా నవ్వింది.

"నల్లమద్దా? ఎవరి తాలూకు?" అన్నాడు ఎలుగు. "సభ వేసే వంతెనకి ఊరూ పేరూ లేని చెక్కా? పక్క అడవివాళ్లు ఏమనుకుంటారు?"

సభకి ఇంజనీరు వడ్రంగిపిట్ట. ముక్కుతో కొట్టి చూసి, చెక్క గట్టిదో కాదో తేల్చడం అతని ఉద్యోగం. పిట్ట లేచి వినయంగా అడిగాడు: "గట్టిది అనమంటారా, బోలుది అనమంటారా? తమరి ఉద్దేశం తెలిస్తే అలాగే మోగిస్తాను."

అప్పుడు గుత్తేదారు నక్క గొంతు సవరించుకున్నాడు. టేకు దొరక్క చాన్నాళ్లుగా అతనికి పనుల్లేవు. "లోపం చెక్కలో లేదండీ, పేరులో ఉంది. ఒక్క సన్మానం చేసేస్తే సరి."

సన్మానం జరిగింది. గట్టున పందిరి వేశారు. అన్నిటికన్నా లావుపాటి నల్లమద్దికి శాలువా కప్పబోతే చుట్టూ అందలేదు. రెండో శాలువా తెచ్చి అతుకు వేశారు. 'వృక్షరత్న' అని బిరుదిచ్చారు. "నల్లమద్ది నాకు చిన్ననాటి నుంచీ ఆప్తుడు" అంటూ మొదలుపెట్టిన ఎలుగు ఎంతకీ దిగలేదు. పిట్ట మానుని ఒక్కసారి కొట్టి, "ఆహా! ఏమి నాదం!" అని కళ్లు మూసుకున్నాడు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కుందేలమ్మే. పాపం, వంతెన వచ్చేసినట్టే అనుకుంది.

సభ ముగియగానే నక్క ఎలుగు చెవిలో అన్నాడు: "వృక్షరత్నతో వంతెనేమిటండీ? కుందేళ్లు తొక్కుతాయి. తమరు కూర్చునే భవనానికైతే అందం."

ఇంకేముంది! ఏనుగులు వచ్చి గట్టున ఉన్న నల్లమద్దులన్నీ కూల్చాయి. అక్కడే కొత్త సభాభవనం లేచింది. నల్లమద్ది స్తంభాలు, నల్లమద్ది కుర్చీలు, పైన ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే ఒక నల్లమద్ది దూలం.

"మరి నా వంతెనయ్యా?"

"మిగిలితే చూద్దాం."

"ఇంకేం మిగిలిందయ్యా? గట్టు బోసిపోయింది!"

"అందుకే తల్లీ, లోపలికి అంత గాలీ వెలుతురూ!"

చెట్ల వేళ్లు మట్టిని పట్టి ఉంచుతాయని మూడో తరగతిలోనే చెప్తారు. ఆ సభలో మూడో తరగతి దాటినవాళ్లు లేరు కాబోలు.

గృహప్రవేశం నాడే మబ్బులు దిగాయి. కురిసింది చూడండి వాన! వాగు లంక మీదికి ఎక్కింది. కుందేలమ్మ పిల్లల్ని ఒక రాయి మీదికి చేర్చింది. నీళ్లు రాయినీ ఎక్కుతున్నాయి. ఇవతల వేళ్లు లేని గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతోంది. భవనం ఒరిగింది. ఎలుగు కుర్చీ వదిలి పరిగెత్తాడు. స్తంభాలు కూలాయి, పొడుగాటి దూలం జారింది. దాని ఒక కొన ఒడ్డు మీద ఆనింది, రెండో కొన వెళ్లి లంక రాళ్లలో ఇరుక్కుంది.

కుందేలమ్మ ఆలోచించలేదు. ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని దూలం మీద పరుగు. ఆఖరి పిల్లతో వచ్చేసరికి దూలం మీద నీళ్లు పారుతున్నాయి. అయినా ఒడ్డెక్కింది. పిల్లలన్నీ బతికాయి.

ఒంటినిండా బురదతో ఎలుగు వచ్చి, దూలాన్నీ పిల్లల్నీ మార్చి మార్చి చూశాడు. "ఇంజనీరూ, రాసుకో. వంతెన అనుకున్న సమయానికే పూర్తయింది."

నక్క ఎక్కణ్ణించో రిబ్బను తెచ్చాడు. "కుందేలమ్మా, పిల్లల్ని తీసుకుని ఒక్కసారి అటు వెళ్లి రామ్మా. ప్రారంభోత్సవం కావాలిగా!"

"మీరే వెళ్లి రండయ్యా," అంది కుందేలమ్మ. "మీరొచ్చేదాకా రిబ్బను నేను పట్టుకుంటాను."

నక్క వినలేదు. అప్పటికే అతని చూపు అవతలి గట్టు మీదికి పోయింది. "అధ్యక్షా, ఆ చెట్లేమిటండీ? ఇంతవరకూ ఎవరూ సన్మానించినట్టు లేరే!"

"నీతి ఏంటి అమ్మమ్మా?"

"చెట్టుకి గొడ్డలికన్నా శాలువాతోనే ఎక్కువ ముప్పు. అర్థం కాకపోతే మళ్లీ అడగండి, ఇప్పుడు కాదు. మేడ మీద వడియాలు సగమే పెట్టి వచ్చాను, గిన్నెలో పిండి అలాగే ఉంది. లే విహార్, దారివ్వు."