అన్నపూర్ణమ్మ మెస్సులో తేలిన గ్యాసు ఫ్యాక్టరీ

గ్యాస్ సిలిండర్ ఆలస్యంగా రావడం దేశానికి మంచిది. బుక్ చేసిన మర్నాడే తెచ్చి గుమ్మంలో దించే ఏజెన్సీ ఉందే, అది ప్రగతికి శత్రువు! నవ్వకండి. నేను కళ్లారా చూసిందే చెబుతున్నాను.

ఈ 2009 వేసవి సంగతే. పుంగనూరు బస్టాండు వెనక అన్నపూర్ణమ్మ మెస్సు ఉంది. భర్త పోయాక పదేళ్లుగా ఆవిడే నడుపుతోంది. సిలిండర్ బుక్ చేసి మొన్న శనివారానికి ముప్పై ఎనిమిది రోజులు. ఏజెన్సీ ఎంత దూరం? మూడు వీధుల అవతల! ఆవిడ రోజూ వెళ్లేది. వాళ్లు రోజూ "లోడు రాలేదమ్మా" అనేవాళ్లు.

చివరికి పెరట్లో కట్టెల పొయ్యి పెట్టింది. పొగకు ఆవిడ కళ్లు వాచిపోయాయి. పన్నెండింటికి వడ్డించే అన్నం ఒకటిన్నరకు గానీ దిగేది కాదు. మదనపల్లె బస్సు అందుకోవాల్సినవాళ్లు ఆకలితోనే లేచి వెళ్లిపోయేవారు. "ఇంగో నెల ఇట్లే అయితే మెస్సు మూసేసి, బెంగుళూరులో యాడన్నా వంటకు కుదురుకోవాల్సిందే" అనేది ఆవిడ.

కానీ అన్నం ఆలస్యమైతే మనిషికి ఎంత తీరిక! పట్నాల్లో ఫీజు కట్టి మరీ ధ్యానం నేర్చుకుంటున్నారట. మా పుంగనూరులో ఖాళీ విస్తరి ముందు గంటన్నర కూర్చోబెట్టి ఉచితంగా నేర్పారు!

ఆ శనివారం ఆవిడ మేనల్లుడు సిద్ధార్థ చెన్నై నుంచి వచ్చాడు. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, ఈ అత్త అన్నంతోనే ఇంజనీరింగ్ పూర్తి చేసినవాడు. ఇప్పుడు ఓ కంపెనీలో సముద్రం మీద తేలే గ్యాసు ఫ్యాక్టరీలకు డిజైన్లు గీస్తున్నాడు. మనిషి మాత్రం దిగాలుగా ఉన్నాడు. సోమవారం పెద్ద మీటింగు. ఫ్యాక్టరీ ఖర్చు మూడో వంతు తగ్గించే దారి చూపకపోతే ప్రాజెక్టు రద్దు, దాంతోపాటు అతని ఉద్యోగమూ రద్దు.

"ఏంది నాయనా ఆ ఫ్యాక్టరీ? సెప్పు, ఎట్లాగూ అన్నానికి టైముండాది" అన్నాడు తిమ్మప్ప. చౌడేపల్లె పాల సెంటర్లో పనిచేసే తిమ్మప్పకు మధ్యాహ్నం భోజనం ఇక్కడే.

సిద్ధార్థ నీళ్ల తొట్టిలో ఒక స్టీలు పళ్లెం తేలేలా వదిలాడు. "ఇదే ఓడనుకోన్నా. సముద్రం అడుగు నుంచి గ్యాసు దీని మీదికొస్తాది. బాగా సల్లబరిస్తే నీళ్ల మాదిరి అవుతాది. అప్పుడు వేరే ఓడల్లో నింపి పంపిస్తారు. నడిసముద్రంలో తుపాన్లకు తట్టుకోవాలంటే ఖర్చెక్కువ. అందుకే ఒడ్డు దగ్గరికి తెచ్చినాము, గ్యాసు పైపు గూడా ఒడ్డు మీదుగానే వస్తాది. అయినా లెక్క కుదర్లేదు."

"పళ్లెం మీద ఏమేం పెట్టినావు?"

"గ్యాసులో మురికి తీసే మిషన్లు, సల్లబరిచే మిషన్లు, రెండొందల మందికి మంచాలు, వంటిల్లు, హెలికాప్టరు దిగేదానికి చోటు."

తిమ్మప్ప తల గోక్కున్నాడు. "పల్లెలో పాలు పోయించుకునేటప్పుడే వడగట్టేస్తాము గదా. సెంటర్లో ఉత్త సల్లబరిచే ట్యాంకే ఉంటాది. నువ్వు మురికి తీసే మిషన్లన్నీ నీళ్లమీదికి యాల ఎక్కించినావు? ఒడ్డునే వడగట్టి, పైపులో పంపీ."

సిద్ధార్థ జేబులోంచి పెన్ను తీశాడు.

పెరట్లో గిన్నెలు తోముతున్న జయమ్మ అక్కడి నుంచే అడిగింది: "ఒడ్డు అంత దగ్గరుంటే, ఆ మంచాలూ వంటిల్లూ యాలబ్బా ఓడ మీద? పొద్దున పడవెక్కి పనికి పోయి, సాయంత్రం ఇంటికి రాలేరా? నేను దినామూ వచ్చి పోవడం లేదా?"

"హెలికాప్టరు కూడా అక్కర్లేదు గదా అప్పుడు!" అని సిద్ధార్థ గట్టిగా అరిచాడు. విస్తరి వెనక్కి తిప్పి, ఆకు మీదే పెన్నుతో గీతలు గీయసాగాడు. నడిసముద్రం డిజైన్నే తెచ్చి ఒడ్డు దగ్గర పెట్టేశారట. వాళ్ల టీములో పెద్ద డిగ్రీలున్న పదకొండుమందికీ ఆ సంగతి తట్టలేదట!

ఒకటిన్నరకు అన్నం వచ్చింది. ఎవరూ గమనించలేదు.

ఇప్పుడు చెప్పండి. ఆరోజు సిలిండర్ ఉండి ఉంటే ఏమయ్యేది? పన్నెండింటికే తిని, చేతులు కడుక్కుని, ఎవరి దారిన వాళ్లు పోయేవారు. ఆ డిజైన్లో హెలికాప్టరు ఇప్పటికీ దిగుతూనే ఉండేది!

సోమవారం సాయంత్రం నేను మెస్సులో కాఫీ తాగుతుండగా సిద్ధార్థ ఫోన్ చేశాడు. అన్నపూర్ణమ్మ స్పీకరు నొక్కింది.

"అత్తా, ఒప్పుకున్నారు! మూడో వంతు కన్నా ఎక్కువే తగ్గింది! తిమ్మప్పన్నకూ జయమ్మక్కకూ సెప్పు!"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈసారి పొగకు కాదు. "సల్లగుండు నాయనా. ఆ గ్యాసు మన పొయ్యికి ఎప్పుడొస్తాది?"

"అది వేరే గ్యాసు అత్తా. వేరే దేశాలకు పోతాది. మన సిలిండర్లోకి రాదు."

"పోనీలే. నీ ఉద్యోగం నిలిచింది, అంతే సాలు" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అయ్యా, మీ ఇంటికి సిలిండర్ ఎన్ని దినాలకొస్తాది?"

నేను కాఫీ గ్లాసులోకి చూశాను. అబద్ధం ఆడదామనుకున్నాను గానీ, ఆ వాచిన కళ్లు చూసి నిజమే చెప్పాను. "నాలుగు రోజులకమ్మా. ఏజెన్సీ ఆయన పేపర్లో నా కాలమ్ తప్పకుండా చదువుతాడు. ఎక్కడ తన గురించి రాస్తానోనని..."

"అట్లనా! అయితే నా సంగతి కూడా రాయండయ్యా" అంది. కోపంగా కాదు. ఇంకొంచెం కాఫీ పోస్తూ అంది.

ఇదిగో, రాశాను. ఈ వారంలోనే ఆవిడ సిలిండర్ వస్తుందని నా నమ్మకం. ఇక నా ఇంటి సిలిండర్ సంగతంటారా? ఈ కాగితాలు ముందుగా చదివిన మా ఆవిడ అప్పుడే చిన్నప్ప కట్టెల డిపో నుంచి రెండు మోపులు తెప్పించింది.