వాడకుండా పాడవాలి

నన్నడిగితే, ఆడిట్‌ను మించిన వరం మానవజాతికి మరొకటి లేదు. ఆడిట్ లేని రోజుల్లో మా వీధి పద్ధతీ పాడూ లేకుండా మునిగేది. ఇప్పుడు నిబంధనల ప్రకారం మునుగుతోంది. ఆ రెంటికీ తేడా ఏముందంటారా? అయితే మీ ఊరు ఎప్పుడూ గ్రాంటు మొహం చూడలేదన్నమాట. మీ మీద నాకు జాలి వేస్తోంది!

మొదటి నుంచీ చెబుతాను. మాది పల్లపు వీధి. వాన పడితే పై వీధుల నీళ్ళన్నీ చుట్టపుచూపుగా మా వీధికే వస్తాయి. వచ్చిన చుట్టం ఓ పట్టాన కదలదు. వీధి చివర మా అక్క టైలరింగ్ షాపు. ఈ ఏడు బడి పిల్లల యూనిఫాంల ఆర్డరు మొత్తం ఆవిడకే వచ్చింది. బడి తెరిచేలోగా కుట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆర్డరు మెయిన్ రోడ్డు మీది రెడీమేడ్ షాపుకు పోతుంది. షాపు నిండా గుడ్డ తానులే. బల్ల మీద చోటు చాలక బల్ల కింద, కుర్చీల్లో, ఆఖరికి నేను కూర్చునే స్టూలు మీద కూడా. అంచేత ఆకాశంలో మబ్బు కనిపించినప్పుడల్లా మా అక్క మిషను తొక్కడం ఆపి, దాన్ని నేనే తోలుకొచ్చినట్టు నావైపు చూసేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్ర గ్రాంటుతో మా మున్సిపల్ ఆఫీసుకు నీళ్ళు తోడే పంపు బండి వచ్చింది. పసుపు రంగు, డీజిల్ ఇంజను, మనిషి నడుమంత లావు గొట్టం. పల్లపు వీధిలో ఇక చుక్క నీరు నిలవదని కమిషనరు గారు మైకులో ప్రకటించగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా అక్కే. ఆవిడకు అప్పటికింకా ఆడిట్ సంగతి తెలియదు పాపం.

గ్రాంటంటే ఊరికే వచ్చిపడే సొమ్మనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు! గ్రాంటు వెనకాల షరతులు వస్తాయి. షరతుల వెనకాల ఆడిటరు గారు వస్తారు. ఆడిటరు గారి వెనకాల కొర్రీలు వస్తాయి. కొర్రీ అంటే మరేం కాదు, చేసిన పని ఎందుకు చేశావని పైవాళ్ళు రాతపూర్వకంగా అడిగే ప్రశ్న. గమనించండి, చేసిన పనికే. చేయని పనికి కొర్రీ పుట్టదు. ఈ ఒక్క సూత్రం ఒంటబట్టించుకుంటే ఎంత పెద్ద ఆఫీసునైనా నిశ్చింతగా నడపవచ్చు.

మా మున్సిపల్ ఆఫీసు ఈ జ్ఞానం ఊరికే సంపాదించలేదు. వెనక ఇలాగే గ్రాంటులో చెత్త బండి కొన్నారు. టైర్లు ఎందుకు అరిగాయని కొర్రీ వచ్చింది. తిరిగితే అరుగుతాయని ఇంజనీరు గారు జవాబు రాశారు. తిరగమని ఎవరు ఆదేశించారని రెండో కొర్రీ వచ్చింది. చెత్త ఉంది కనుక తిరిగిందని రాశారు. చెత్త ఉన్నట్టు ఆధారాలు జతపరచమని మూడోది. ఆధారాలన్నీ ఊరి బయట తగలబెట్టేశారాయె! ఆ ఇంజనీరు గారు ఇప్పుడు రిటైరయ్యారు. ఈనాటికీ రోడ్డు మీద ఏ బండి పోతున్నా ముందు టైర్లకేసి చూసి నిట్టూరుస్తారు.

అందువల్ల పంపు బండి రాగానే మేనేజరు గారు చేసిన మొట్టమొదటి పని, గ్రాంటు నిబంధనల్లో ముఖ్యమైనదాన్ని బోర్డు రాయించి షెడ్డుకు తగిలించడం. 'ఈ యంత్రమును పాడవకుండా వాడాలి' అన్నది అసలు నిబంధన. టైపిస్టు గారి చేతిలో ఆ రెండు మాటలూ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి. 'ఈ యంత్రమును వాడకుండా పాడవాలి' అని తయారైంది. కమిషనరు గారు అలవాటు చొప్పున చదవకుండా సంతకం పెట్టారు. పెయింటరు అలవాటు చొప్పున చదవకుండా ఎర్రరంగుతో రాశాడు. తప్పు మొదట కనిపెట్టింది టైపిస్టు గారే. వెంటనే మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తారు.

"సార్, మాటలు అటూ ఇటూ అయ్యాయండీ. దిద్దిద్దామా?"

"సంతకం అయిపోయిందమ్మా. ఇప్పుడు దిద్దితే, ముందెందుకు తప్పు పడిందని కొర్రీ పెడతారు."

"మరెలాగండీ?"

"ఎలాగేముంది, ఉన్నదాన్నే పాటిద్దాం."

ఆహా, ఎంత దూరదృష్టి! నవ్వకండి. మీ ఇంట్లో మాత్రం ఈ నిబంధన అమల్లో లేదా? అద్దాల బీరువాలో ఆ పూల కప్పుల సెట్టు ఎన్నేళ్ళుగా ఉంది? ఎవరో గొప్పవాళ్ళు వస్తే తీద్దామనుకున్నారు. వచ్చినవాళ్ళెవరూ మీకు అంత గొప్పగా కనిపించలేదు. ఒంట్లో కొవ్వు కరిగిస్తుందని కొన్న ట్రెడ్‌మిల్లు మీద తడి తువ్వాళ్ళు ఆరడం లేదూ? మా తోడల్లుడు కొత్త సోఫాకున్న ప్లాస్టిక్ కవరు ఇంతవరకూ విప్పలేదు. మేం వెళితే దాని మీద కూర్చోబెడతాడు, లేచేటప్పుడు అది మాతోపాటే లేస్తుంది. ఇవన్నీ ఇళ్ళల్లో సాగవచ్చు గానీ, మున్సిపాలిటీ చేస్తే తప్పొచ్చిందా?

ఆఫీసువాళ్ళు పంపు బండికి ముద్దుగా 'అల్లుడు గారు' అని పేరు పెట్టుకున్నారు. పని చెప్పకూడదు, మర్యాద తగ్గకూడదు. అల్లుడు గారికి ఎండ తగలకుండా టార్పాలిన్ కప్పారు, దుమ్ము తుడవడానికి మెత్తటి గుడ్డ కొన్నారు. దగ్గరగా ఎవరైనా గట్టిగా దగ్గితే వాచ్‌మన్ కసురుకునేవాడు.

వాన వచ్చింది. మామూలుగా రాలేదు, తలుపులు బాదుతూ వచ్చింది. తెల్లారేసరికి మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అక్క షాపు గడప మునిగింది. తానులు బల్ల కింద నుంచి బల్ల మీదికీ, బల్ల మీద నుంచి అటక మీదికీ ఎక్కించాం. అటక నిండిపోయింది, నీళ్ళు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అక్క కొంగు బిగించి మున్సిపల్ ఆఫీసుకు బయల్దేరింది. ఆడిట్ గొప్పతనం వివరించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని వెనకే నేనూ వెళ్ళాను.

"మీ పంపు బండి ఓ పూట పంపండి సార్. షాపులోకి నీళ్ళొచ్చేస్తున్నాయి," అంది అక్క.

మేనేజరు గారు ఎంతో మంచివారు. లేచి కుర్చీ వేశారు. "ఆడిట్ అవనివ్వండమ్మా. అయిన మర్నాడే పంపిస్తాను."

"ఆడిట్ ఎప్పుడండీ?"

"ఈపాటికి అవ్వాల్సిందే. దారిలో నీళ్ళు నిలిచాయట, అవి తగ్గాక వస్తామన్నారు."

"ఆ నీళ్ళు మా వీధిలోవే సార్. ఆ బండొచ్చి తోడితేనే గానీ తగ్గవు."

"అదేనమ్మా నేనూ చెప్పేది. తగ్గనివ్వండి."

ఇంత స్పష్టంగా చెప్పాక కూడా మా అక్క ముఖం విచ్చుకోలేదు. "అక్కా, పద్ధతి అనేది ఒకటుంటుంది. అర్థం చేసుకోవాలి," అన్నాను మెల్లగా.

"నీ పద్ధతి తగలెయ్య! నడు, బకెట్టు పట్టు," అంది.

పట్టాను. నా నడుము సంగతి మీకు తెలియదు గానీ దానికి బాగా తెలుసు, కాబట్టి కాసేపటికే గట్టుమీద కూర్చుని పర్యవేక్షణ బాధ్యత తీసుకున్నాను. అక్క, పక్కింటి వదిన, ఎదురింటి పిన్ని, వీధిలో ఇంకా చేతనైనవాళ్ళందరూ వరస కట్టారు. ముంచడం, అందించడం, అవతలి కాలవలో పొయ్యడం. మధ్యాహ్నానికి నీళ్ళు గడప దిగాయి. పొద్దుగూకేసరికి రోడ్డు కనిపించింది. గుడ్డ ఒక్క తాను కూడా తడవలేదు. మా అక్క గెలిచిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున కత్తెర పట్టుకోబోయింది. వేళ్ళు ముడవడానికి రాలేదు. బకెట్టు పిడి ఒరుసుకుని అరచేతులు రెండూ బొబ్బలెక్కి, చితికి, తోలు లేచిపోయి ఉన్నాయి. గుడ్డలు చుట్టుకుని ప్రయత్నించింది. నోటితో దారం లాగి ప్రయత్నించింది. బడి తెరిచే వేళకు పిల్లలంతా రెడీమేడ్ షాపు యూనిఫాంలలో వెళ్ళారు. తడవని తానులు అటక మీద అలాగే ఉన్నాయి. చెప్పొద్దూ, ఆ పూట నాకు కూడా ఆడిట్ మీద భక్తి కాస్త సడలింది.

సడలితే ఎలా? ఆడిటరు గారు రానే వచ్చారు, పొడి రోడ్డు మీద, బూట్లకు మట్టి అంటకుండా. అల్లుడు గారి టార్పాలిన్ తీసి చూశారు. టైర్లు అరగలేదు. డీజిల్ తరగలేదు. గొట్టాన్ని మాత్రం ఎలుకలు కొరికేశాయి. మేనేజరు గారు గబగబా దాని మీదికి టార్పాలిన్ లాగబోయారు. ఆడిటరు గారు బోర్డు చదివి, గొట్టం చూసి, మళ్ళీ బోర్డు చదివి, "పాడైంది, కానీ వాడినందువల్ల కాదు. నిబంధన సరిగ్గా పాటించారు," అని మెచ్చుకున్నారు. తర్వాత మా వీధి అంతా నడిచి చూశారు. ఎక్కడా చుక్క నీరు లేదు. పథకం లక్ష్యం నూటికి నూరుపాళ్ళూ నెరవేరిందని రిపోర్టు రాశారు. గొట్టం పనికిరాదు కనుక రెండో పంపు బండికి సిఫారసు కూడా చేశారు!

సిఫారసు ముందుకు కదలాలంటే లబ్ధిదారు ఒకరు మేలు జరిగిందని చెప్పాలి. మేనేజరు గారు స్వయంగా మా అక్క షాపుకు వచ్చారు.

"పంపు వల్ల మీకేం ఒరిగిందో నాలుగు ముక్కలు చెప్పండమ్మా."

అక్క చుట్టుకున్న గుడ్డలు విప్పి, రెండు చేతులూ ఆయన ముందు పెట్టింది.

"మీ బండి అరగలేదు కదా సార్. అరిగినవి ఇవి."

మేనేజరు గారు కంగారుగా కళ్ళజోడు సవరించుకున్నారు. వంగి, ఆ చేతులను ఇటూ అటూ శ్రద్ధగా పరీక్షించారు. తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"ఇవి గ్రాంటువి కావు కదమ్మా, భయం లేదు. వీటికి కొర్రీ రాదు."