ఎదురుగాలిలో పండుగప్ప తలకాయ

పులికాట్ సరస్సులో ఎదురుగాలికి గంట పట్టే దూరం, గాలివాలున మా పడవకి పావుగంట. ఒకసారి నేనెంత వేగంగా వచ్చినానంటే, సరస్సు నడిమధ్యలో దగ్గిన దగ్గు, నేను ఒడ్డెక్కి చుట్ట ముట్టించినాక వినపడింది. నమ్మకపోతే మా ఇంటిదాన్ని అడగండి. అదీ నమ్మదు.

ఈ గాలి లెక్కతోనే మొన్న నేనొక పండుగప్ప తలకాయ కొట్టేద్దామనుకున్నా.

చేప నేను పట్టిందే. నాలుగు కిలోలు. మా ఇంటిది నాగులమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. అయితే ఆ రోజే దాని తమ్ముడు శివశంకర్ కువైట్ నుంచి వస్తా ఉన్నాడు. మా ఇళ్లలో బావమరిది వస్తే చేప తలకాయ వాడి ఆకులోకే. నలభై ఏళ్లుగా తోకలు తిని బతికినవాణ్ణి నేను.

"ఎనిమిదిన్నరకే మద్రాసులో దిగుంటాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంట్లో ఉంటాడు," అంది నాగులమ్మ.

"ఉండడు. వాడి టికెట్లు నీ ఫోన్లోనే ఉండాయి కదా, చూడు. నాలుగేళ్ల కిందట పోయినప్పుడు మద్రాసులో పదికి ఎక్కి, కువైట్లో పన్నెండున్నరకి దిగినాడు. రెండున్నర గంటలు. ఇప్పుడు? రాత్రి ఒంటిగంటకి ఎక్కితే పొద్దున ఎనిమిదిన్నర. ఏడున్నర గంటలు. దూరం అదే. మరి తేడా ఏంది?"

"ఏంది?"

"గాలి. పోయేటప్పుడు వాలు, వచ్చేటప్పుడు ఎదురు. ఇయ్యాల తూర్పుగాలి చూడు, తాటిమట్టలన్నీ పడమరకే వంగుండాయి. ఆ విమానం ముక్కుతా మూలుగుతా వచ్చి, వాడు ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు. అప్పటిదాకా తలకాయ పులుసులో నానితే ముద్దయిపోతాది."

నాగులమ్మ కాసేపు తాటిచెట్ల వంక చూసింది.

"ఐదవుతాదా?"

"తక్కువ చెప్పినా."

"అట్టయితే పోయి దొడ్లో అరిటాకులు కోసుకురా. రెండు."

రెండో ఆకు ఎందుకా అనుకున్నా. పక్కన కూర్చుని తింటాదేమోనని పొంగిపోయినా. పెళ్లయినాక అంత వెడల్పాటి ఆకులు కోసింది లేదు. కడిగి, తుడిచి తెచ్చేసరికి పీట మీద శివశంకర్.

"బావా, బాగుండావా?"

నా చేతిలోని పెద్ద ఆకు తీసుకుని నాగులమ్మ వాడి ముందర పరిచింది. తలకాయ దిగింది. పండుగప్ప కన్ను నా వంకే చూస్తా ఉంది, పట్టింది నువ్వే కదా అన్నట్టు.

"సూళ్లూరుపేటలో రైలు దిగంగానే ఫోన్ చేసినాడులే," అంది నాగులమ్మ.

"మరి గాలి?"

శివశంకర్ నవ్వినాడు. "గాలి కాదు బావా, గడియారం. ఆడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. పోయినా, వచ్చినా ఐదు గంటలే."

నేను నాగులమ్మ వైపు తిరిగినా. "నీకు తెలుసా ఇది?"

"నాలుగేళ్లుగా రోజూ మాట్లాడతా ఉండా. నేను పన్నెండున్నరకి అన్నానికి కూర్చుంటే వాడికి పదే. తెలవకుండా ఎట్టా?"

"ముందే చెప్పొచ్చు గదా."

"చెప్తే ఆకులెవరు కోస్తారు?"

నా ఆకులో అన్నం ఒక్కటే ఉంది. "ముక్క," అన్నా మెల్లిగా.

"వస్తా ఉంది. వంటింట్లోంచి వాడి ఆకుకి గాలివాలు. నీ ఆకుకి ఎదురుగాలి. ఏడున్నర గంటలు పడతాది."

మాట తప్పే మనిషి కాదు. అప్పుడు పన్నెండున్నర. రాత్రి ఎనిమిదికి నా కంచంలో తోక దిగింది, ఒక్క నిమిషం లేటు లేకుండా.