మూతలేని బ్యాటరీ మరణ నమోదు

మానవుడు తయారు చేసిన వస్తువులన్నింటిలోకీ, తనను ఎవరూ పట్టించుకోనక్కర్లేదని ఒంటిమీదే అచ్చు వేయించుకుని వచ్చేది ఒక్క సీల్డు బ్యాటరీయే. మిగతావన్నీ మన ప్రాణం తోడేసే రకాలే. మొక్కకు నీళ్లు కావాలి, తలుపుకు నూనె కావాలి, మేనమామకు నెలకోసారి ఫోన్ కావాలి. సీల్డు బ్యాటరీకి ఏమీ అక్కర్లేదు, నీళ్లు పొయ్యడానికి దానికి మూతే ఉండదు. దాని త్యాగబుద్ధిని గుర్తించి పాలకులు దానికోసం ఏకంగా ఒక కార్యాలయమే పెట్టారు. పేరు 'మూతలేని బ్యాటరీల యజమానుల బాధ్యతల విభాగం'. ఏ సంరక్షణా అక్కర్లేని వస్తువుకు సంరక్షణ సక్రమంగా జరుగుతున్నదీ లేనిదీ చూడటానికి అందులో నలభై ఇద్దరు పనిచేస్తున్నారు (పనిచేస్తున్నారన్నది రికార్డుల్లోని మాట).

ఆ విభాగం మెట్లెక్కే రోజొకటి వస్తుందని కామాగారు కలలో కూడా అనుకోలేదు. ఆయన ముప్పయ్యేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. ఆ పేరు అక్కడ పడిందే. అచ్చులో ఉన్న మాటంటే ఆయనకు తిరుగులేదు. పొట్లం మీద "ఇటు నుంచి తెరవండి" అని ఉంటే, అది ఆ వైపు చిరగనని మొండికేసినా సరే, ఆ వైపు నుంచే తెరుస్తారు. మందు సీసా మీద "బాగా కుదపండి" అని ఉంటే ఇంటావిడ వచ్చి చెయ్యి పట్టుకునేదాకా కుదుపుతూనే ఉంటారు. అలాంటి మనిషి ఏడాదిన్నర కిందట కారుకు కొత్త బ్యాటరీ వేయించారు. దాని నెత్తిన బొద్దు అక్షరాలతో "సంరక్షణ అవసరం లేదు" అని ఉంది. బిగించిన షాపాయన కూడా, "మూడేళ్లు మీరు బానెట్ ఎత్తక్కర్లేదు సార్. అసలు దాన్ని మర్చిపోండి," అని భరోసా ఇచ్చాడు. కామాగారు నిష్ఠగా మర్చిపోయారు.

మంగళవారం పొద్దున వాళ్లమ్మాయి కారెక్కి తాళం తిప్పితే 'టక్' మంది. మళ్లీ తిప్పితే మళ్లీ 'టక్'. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

శుక్రవారం ఆ అమ్మాయికి డ్రైవింగ్ పరీక్ష. ఇది మూడోసారి. మొదటిసారి స్తంభం అడ్డొచ్చింది (స్తంభం ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉందని అధికారుల వాదన). రెండోసారి సర్వర్ పడుకుంది. శుక్రవారం సాయంత్రంతో లెర్నర్ లైసెన్సు గడువు కూడా సరి. సోమవారం ఆమె ఒక ల్యాబులో చేరాలి. ఇంటింటికీ వెళ్లి రక్తం నమూనాలు తెచ్చే ఉద్యోగం. లైసెన్సు చూపించకపోతే గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. దరఖాస్తులో ఏ కారు నంబరు రాశారో ఆ కారుతోనే పరీక్షకు రావాలని నిబంధన. కాబట్టి మూడు రోజుల్లో ఈ కారే కదలాలి.

"బ్యాటరీలో నీళ్లు అయిపోయాయేమోనండీ," అంది ఇంటావిడ. "మా నాన్న తన కారుకి నెలనెలా పోసేవారు."

"దీనికి మూతే లేదు కదే. నోరు లేనిదానికి నీళ్లెక్కడ పొయ్యమంటావ్?"

"మా నాన్నయితే ఎక్కడో ఒకచోట పోసేవారు."

షాపాయనకు ఫోన్ చేస్తే, "వారంటీలో ఉన్నదాన్ని నేను ముట్టుకోకూడదు సార్, విభాగానికి వెళ్లండి," అన్నాడు. బుధవారం పొద్దున్నే కామాగారు వెళ్లారు. లోపల, గోడమీద "ముట్టుకోరాదు" అన్న బోర్డు కింద వరసగా కుర్చీలున్నాయి. అందరూ కూర్చున్నారు. కామాగారు రెండు గంటలు నిలబడ్డారు.

టోకెన్ నంబరు పిలిచేసరికి ఆయన మోకాళ్లు రెండూ పదవీ విరమణకు సిద్ధంగా ఉన్నాయి. బాధ్యతాధికారిణి ఎంతో మర్యాదస్తురాలు. నవ్వుతూనే అడిగింది.

"సంరక్షణ రిజిస్టరు తెచ్చారాండీ?"

"సంరక్షణ అవసరం లేదని దానిమీదే ఉందమ్మా."

"అవసరం లేదన్నాం గానీ చెయ్యొద్దనలేదు కదండీ?"

"పోనీ, చేసి ఉంటే?"

"సీలు తాకినట్టండీ. వారంటీ పోతుంది."

"చెయ్యకపోతే?"

"నిర్లక్ష్యం కిందికొస్తుంది. అప్పుడూ పోతుంది."

"మరి వారంటీ ఎప్పుడుంటుందమ్మా?"

"బ్యాటరీ బాగా పనిచేస్తున్నన్నాళ్లూ ఉంటుందండీ," అందామె. ఆమె గొంతులో వెటకారం వీసమెత్తు లేదు. కామాగారికి భయం వేసింది అందుకే.

అయితే దయగల విభాగం కాబట్టి ఒక దారి ఉంచింది. యజమాని ఏడాదిన్నరపాటు బ్యాటరీకి ఏమీ చెయ్యలేదనీ, ఆ చెయ్యకపోవడం నిర్లక్ష్యంతో కాదనీ, శ్రద్ధతోనేననీ 'నిష్క్రియా ధ్రువపత్రం' సమర్పించాలి. ఆయన ఏమీ చెయ్యకపోవడాన్ని కళ్లారా చూసిన సాక్షులు ఇద్దరు కావాలి. ఏమీ చెయ్యకుండా ఉన్నప్పటి ఫొటోలు మూడు భంగిమల్లో కావాలి.

ఆ సాయంత్రమే ఇంటిముందు ఫొటోల కార్యక్రమం జరిగింది. మూసిన బానెట్ పక్కన కామాగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. అమ్మాయి ఫోన్ పట్టుకుని, "కొంచెం నవ్వు నాన్నా," అంది.

"వద్దమ్మా. నవ్వితే ఏదో చేసినట్టుంటుంది."

సాక్షిగా వచ్చిన పక్కింటి పళ్ల డాక్టరు మహా నికార్సయిన మనిషి. "నిజం చెప్పాలంటే, మీరు దానికేమైనా చేస్తుంటే నేనెప్పుడూ చూడలేదండీ," అన్నాడు ఇబ్బందిగా.

"అదే రాయండి బాబూ, అదే రాయండి!" అన్నారు కామాగారు, పెన్ను చేతిలో పెడుతూ. రెండో సంతకం పళ్ల డాక్టరు భార్య చేసింది. ఆమె మరీ నిజాయితీపరురాలు. ఆ కారు ఉందన్న సంగతే తను గమనించలేదని రాసింది.

గురువారం పొద్దున తనిఖీ అధికారి చంకలో ఫైలుతో వచ్చాడు. బానెట్ ఎత్తబోయిన అమ్మాయిని చేత్తో వారించాడు. ఎత్తడం సంరక్షణ కిందికొస్తుందట. మూసిన బానెట్ మీదే చెవి ఆనించి, "తిప్పండమ్మా," అన్నాడు. 'టక్' మంది. మరోసారి తిప్పించి, గడియారం చూసుకుని, పది గంటల పదకొండు నిమిషాలకు బ్యాటరీ మృతి చెందినట్టు నమోదు చేశాడు. అద్దానికి ఎర్ర కాగితం అంటించాడు.

"కొత్తది ఎప్పుడిస్తారండీ?" అని అడిగారు కామాగారు.

"ఇరవయ్యొక్క పనిదినాల్లో."

"రేపే మా అమ్మాయికి పరీక్షండీ."

"రేపు పనిదినమే కదా సార్," అని ధైర్యం చెప్పాడు అధికారి. "ఇరవయ్యొకటిలో ఒకటి తగ్గినట్టేగా."

ఆయన వెళ్లిపోయాక కామాగారు గుమ్మం మెట్టుమీద కూలబడ్డారు. జీవితంలో మొదటిసారి ఆయనకు అచ్చుమీద కోపం వచ్చింది. రెండేళ్లు కష్టపడి చదివి ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల, తండ్రి ఒక చీటీని నమ్మినందుకు ఆ ఉద్యోగాన్ని పోగొట్టుకోవాలా? పిల్ల ముఖం చూసే ధైర్యం లేక ఎర్ర కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు. అందులో అచ్చుతప్పులు రెండు కనిపించినా దిద్దబుద్ధి కాలేదు.

ఇంతలో బానెట్ లేచిన చప్పుడైంది.

"వద్దమ్మా! వారంటీ పోతుంది!"

"చచ్చిపోయిందని రాసిచ్చారుగా నాన్నా. చచ్చినదానికి వారంటీ ఎందుకూ?"

బ్యాటరీ మీది రెండు టెర్మినళ్లకూ సున్నం పూసినట్టు తెల్లగా, మధ్యమధ్య పచ్చగా చిలుం పట్టి ఉంది. అమ్మాయి ఒక క్లాంపును పట్టుకుని అటూ ఇటూ ఊపింది. పాలపన్నులా ఊగింది. "కరెంటు లోపల నిక్షేపంలా ఉన్నట్టుంది నాన్నా. బయటికి రావడానికే దారి లేదు. ఇది యాసిడ్ ఉప్పు. దీని మందు మన వంటింట్లోనే ఉంది," అని, "అమ్మా! వేణ్నీళ్లు, వంటసోడా!" అని కేక వేసింది.

చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంది. పానాతో ముందు నెగెటివ్ క్లాంపు, తర్వాత పాజిటివ్ క్లాంపు ఊడదీసింది. పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే చిలుం బుసబుసమని పొంగి కరిగిపోయింది. శుభ్రంగా తుడిచి ఆరబెట్టి, క్లాంపులు కదలకుండా బిగించి, పైన కాస్త వాజిలీను రాసింది. కామాగారు పక్కనే నిలబడి చేతులు పిసుక్కున్నారు.

"అక్కర్లేదని అంత పెద్ద అక్షరాలతో ఉందే తల్లీ..."

"లోపల మనం చెయ్యాల్సిందేమీ లేదు నాన్నా. నీళ్లు పొయ్యక్కర్లేదు, అంతే. బయటిది మాత్రం మన పనే. అదిగో, బ్యాటరీకి ఇంజను వైపు ఏం రాసుందో చూడు."

కామాగారు కళ్లజోడు సవరించుకుని బ్యాటరీ వెనక వైపు తొంగిచూశారు. చీమ తలకాయంత అక్షరాలతో అక్కడ ఉంది: "మూడు నెలలకోసారి టెర్మినళ్లు శుభ్రం చేసి, క్లాంపులు బిగించుకోవాలి. వాహనాన్ని వారాల తరబడి కదపకుండా ఉంచరాదు." ముప్పయ్యేళ్ల అనుభవంతో రెండుసార్లు చదివారు. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు. తను చదవకుండా వదిలేసిన పేజీ ఒకటి ఉందని తెలిసి ఆయనకు నిజంగా సిగ్గేసింది.

అమ్మాయి తాళం తిప్పింది. కారు ఒక్క పెట్టున స్టార్టయింది.

"నే చెప్పలా, నీళ్లు పొయ్యాలనీ!" అంది ఇంటావిడ, ఖాళీ చెంబు ఎత్తి చూపిస్తూ. ఆ రోజు ఆమెతో వాదించే శక్తి ఎవరికీ లేకపోయింది. సంతోషంతో కామాగారికి కళ్లు చెమర్చాయి గానీ, కంట్లో వంటసోడా పడిందన్నారు.

శుక్రవారం స్తంభం తన చోటే ఉంది. అమ్మాయి దాని పక్కనుంచి మర్యాదగా వెనక్కి వచ్చి, మలుపు తిప్పి, గీత దగ్గర ఆపింది. సర్వర్ కూడా మెలకువగా ఉంది. పాసైంది.

కథ అక్కడితో ఆగేదే. కానీ కామాగారు నిజాయితీ చంపుకోలేక విభాగానికి ఉత్తరం రాశారు. తమ దయవల్ల బ్యాటరీ బతికే ఉందనీ, మరణ నమోదు రద్దు చెయ్యాలనీ కోరారు. వారం తిరక్కుండా జవాబొచ్చింది. పునర్జీవన నమోదు చెయ్యాలంటే సదరు బ్యాటరీని మృతస్థితిలో స్వయంగా హాజరుపరచాలట.

ఆ మధ్యనే బ్యాటరీల విభాగం కంప్యూటర్లనూ లైసెన్సుల శాఖ కంప్యూటర్లనూ కలిపారు (అవి ఒకదాన్నొకటి ఏమీ అడగవు గానీ, ఒకదాని మాట ఒకటి నమ్ముతాయి). కాబట్టి వారాంతంలోపే వస్తుందన్న లైసెన్సు పది రోజులకు, ఒక వివరణతో సహా వచ్చింది. ఈలోగా ల్యాబు వాళ్లు పాసైన రసీదు చూసి అమ్మాయిని చేర్చుకున్నారు. వివరణ ఇలా ఉంది: "పరీక్షకు వినియోగించిన వాహనపు బ్యాటరీ ముందురోజే మృతి చెందినట్టు రికార్డులలో ఉన్నందున, పరీక్షా సమయంలో వాహనం నిలిచియున్నట్టు భావించడమైనది. నిలిచియున్న వాహనమును అభ్యర్థిని మిక్కిలి నైపుణ్యంతో నడిపియున్నందున, నిలిచియున్న వాహనములను మాత్రమే నడుపుటకు అనుమతించడమైనది."

కామాగారు ఈసారి వెనకవైపు కూడా తిప్పి చదివారు. అక్కడేమీ లేదు.

ఇప్పటికి ఐదు నెలలైంది. మూడో నెల మొదటి ఆదివారం ఆయన టూత్‌బ్రష్షూ, వంటసోడా పట్టుకుని బానెట్ ఎత్తి, పళ్ల డాక్టరును పిలిచి మరీ చూపించారు. అమ్మాయి రోజూ ఎనిమిదిన్నరకల్లా నమూనాల పెట్టెతో మెయిన్ రోడ్డు మీదికి కారు తీస్తోంది. ఆ ట్రాఫిక్‌లో, లైసెన్సు మీది షరతును అతిక్రమించే అవకాశం ఆమెకు ఇంతవరకు ఒక్కసారి కూడా రాలేదు.